పొడుగు అన్నయ్యకు సైకిలు

పిల్లలూ! ఆరున్నర అడుగుల అన్నయ్య చౌకగా వచ్చిందని చిన్న సైకిలు కొంటే ఏమవుతుంది? తొక్కినప్పుడల్లా మోకాళ్ళు బాగా ముడుచుకుని నొప్పిపెడతాయి. సీటు పైకి లాగితే సరిపోదా? సీటుగొట్టం మీద ఒక హద్దుగీత ఉంటుంది. అది బయటపడేదాకా లాగితే గొట్టం విరగవచ్చు!

కొనేముందు కొలవండి. అన్నయ్యను వట్టికాళ్ళతో గోడకు ఆనించి నిలబెట్టి, కాళ్ళమధ్య ఒక పుస్తకాన్ని పైకంటా ఆనించండి. నేలనుంచి పుస్తకం పై అంచుకు 95 సెంటీమీటర్లనుకోండి. దాన్ని 0.883తో హెచ్చిస్తే సుమారు 84. పెడళ్ళు తిరిగే ఇరుసుకూ సీటుకూ మధ్య ఇంచుమించు అంత దూరం ఉండాలి.

రోడ్డు సైకిళ్ళలో చక్రాలు దాదాపు అన్నిటికీ ఒకటే. తేడా అంతా ఫ్రేములో ఉంది. డబ్బు తక్కువైతే, పగుళ్ళులేని పెద్ద ఫ్రేము గల పాత సైకిలే మేలు. టైర్లూ, గొలుసూ తరవాత మార్చుకోవచ్చు. ఫ్రేమును సాగదీయలేము కదా!