వానాకాలమును ముందుగా తెలుసుకోగలమా?



మృగశిర కార్తె దగ్గర పడిందంటే పల్లెలలో మాకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇదే: “అయ్యగారూ, ఈ యేడు వానలు ఎట్లా ఉంటాయంటారు?” ఈ ప్రశ్న వెనుక ఎంత బాధ ఉన్నదో మేమెరుగుదుము. తొలకరి చినుకులు చూచి విత్తనము వేసి, తరువాత వాన ముఖము చాటేస్తే మొలకలు మాడిపోయి, రెండవసారి విత్తడానికి అప్పు చేసిన కుటుంబాలు మన మధ్యనే ఉన్నాయి. కనుక ఈ నెల, ఆ ప్రశ్నకు జవాబు వెదకుటలోనే తన జీవితమంతా గడిపిన ఒక శాస్త్రవేత్తను మీకు పరిచయము చేయగోరుచున్నాము.

ఆయన పేరు జగదీష్ శుక్లా. 1944లో ఉత్తరప్రదేశ్‌లోని బలియా జిల్లా, మిర్ధా అనే కుగ్రామములో పుట్టారు. ఆ ఊరికి కరెంటు లేదు, రోడ్డు లేదు. బడికి భవనము కూడా లేదు. మర్రిచెట్టు క్రిందనే అక్షరాలు దిద్దారు. హైస్కూలులో సైన్సు చెప్పేవారే లేరు. అయినను ఆయన తండ్రి నిరాశపడలేదు. ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు గల సైన్సు పుస్తకాలన్నీ ఒక్క వేసవి సెలవులలో చదివించి, కుమారుని కాలేజీలో చేర్పించారు. ఆ బాలుడు కాశీ హిందూ విశ్వవిద్యాలయములో చదివి, పూనాలోని వాతావరణ పరిశోధనా సంస్థలో పనిచేసి, అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1976లో డాక్టరు పట్టా పొందారు.

అదే ఎం.ఐ.టి.లో ఎడ్వర్డ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త 1963లో ఒక సంగతి వెల్లడించారు. ఈనాటి గాలిని కొలవడములో వెంట్రుకవాసి తప్పు దొర్లినా, ఆ తప్పు దినదినము పెరిగి చివరకు లెక్కనంతా తారుమారు చేస్తుంది. అందుచేత ఏ రోజున ఏ ఊరిలో వాన పడేది సుమారు రెండు వారాలకు మించి ముందుగా చెప్పుట సాధ్యము కాదని శాస్త్రజ్ఞులు గ్రహించారు. మరి మూడు నాలుగు నెలల వానాకాలము సంగతి ఏమిటి?

ఇక్కడే శుక్లాగారు వేరొక దారి చూపారు. పొయ్యి మీద కాగులో నీళ్లు మరుగుతున్నాయనుకోండి. ఏ బుడగ ఎక్కడ లేస్తుందో ఎవరూ చెప్పలేరు. కాని మంట ఎక్కువ చేస్తే నీళ్లు మరింతగా తెర్లుతాయని మన ఇంటి ఆడవారందరికీ తెలుసు. గాలి ఆ బుడగల వంటిది. సముద్రము ఆ మంట వంటిది. సముద్రపు పైనీటి వేడి నెలల తరబడి నిదానముగా మారుతుంది. అరేబియా సముద్రము చల్లబడితే మన దేశపు వానలు తగ్గగలవని ఆయన 1975లోనే కంప్యూటరు లెక్కలతో చూపారు. 1981లో తన గురువు జూల్ చార్నీతో కలిసి, ఋతుపవనాల సగటు వానను ముందుగా అంచనా వేయవచ్చునని వ్రాశారు. ఒక ఋతువంతటికి అంచనా చెప్పే పద్ధతికి ఈ పరిశోధనలు పునాది వేశాయి.

నేల సంగతి కూడా ఆయన విడిచిపెట్టలేదు. 1982లో భూమి అంతా తడిగా ఉన్నట్లు ఒక లెక్క, తేమే లేనట్లు మరొక లెక్క కట్టి చూచారు. ఎండిన నేల లెక్కలో వేడి మిక్కిలి పెరిగింది. ఐరోపా, ఆసియాలలో చాలా చోట్ల వాన బాగా తగ్గింది. 1990లో మరి ఇద్దరితో కలిసి, అమెజాను అడవిని నరికి పచ్చికబయలు చేస్తే అక్కడ వేడి పెరిగి వాన తగ్గుతుందని చూపారు. వాన వలన పచ్చదనమే కాదు, పచ్చదనము వలన కూడా వాన అని మన పెద్దలు చెప్పిన మాట వట్టిది కాదన్నమాట.

అయితే మేము ఒక హెచ్చరిక చేయవలెను. పసిఫిక్ సముద్రము వేడెక్కుటను ఎల్ నినో అంటారు. 1982, 1987, 2002 సంవత్సరాలలో అది వచ్చినప్పుడు మన దేశములో కరువు వచ్చింది. 1997లో అది మహా బలముగా వచ్చినా వానలు సాధారణముగానే కురిశాయి. 2002లోనేమో సాధారణ వర్షాలని ముందుగా చెప్పగా, జూలై నెల ఎండిపోయింది. కనుక అంచనా అనేది తూకము వేసి చెప్పిన మాటే గాని, వ్రాసి ఇచ్చిన పత్రము కాదు.

మరి రైతుకు ప్రయోజనమేమి? వాతావరణ శాఖ ఏప్రిల్‌లో చెప్పి, మే నెలాఖరున మరల సవరించే అంచనా దేశమంతటికీ, పెద్ద ప్రాంతాలకూ చెందినది. మన చేనుకు కాదు. ఏ పంట వేయాలి, ఎంత అప్పు తేవాలి అని ఇంటిల్లిపాది కూర్చుని ఆలోచించుటకు అది పనికివస్తుంది. విత్తే రోజును మాత్రము ఆ వారపు సూచన విని, నేల బాగా తడిసిందో లేదో చూచి నిర్ణయించుకోవాలి. మూడు నుండి పది రోజుల ముందు సూచనల కొరకు 1988లో ఢిల్లీలో ఏర్పడిన కేంద్రము వెనుక కూడా శుక్లాగారి కృషి ఉన్నది.

2012లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. అంతకు ముందే, 1999లో, ఆయన తన పల్లెలో ఒక కాలేజీ స్థాపించారు. ముఖ్యముగా ఆడపిల్లలు చదువుకొనవలెనని. మర్రిచెట్టు క్రింద కూర్చున్న బాలుడు తన ఊరిని మరువలేదు. మన పల్లెలలో కూడా ఆకాశము వైపు చూచి “ఎందుకు?” అని అడిగే పిల్లలున్నారు. వారిని విసుగుకొనక, పుస్తకము చేతికివ్వండని తల్లిదండ్రులకు మా మనవి.