కాలిఫోర్నియా ఎన్నికలలో సంప్రదాయవాదుల మద్దతు ప్రకటనలు

ఎన్నికలకు ముందు ఒక పార్టీ, సంఘం, పత్రిక లేదా ప్రముఖ వ్యక్తి ఫలానా అభ్యర్థికి ఓటు వేయవలసిందని, ఫలానా ప్రతిపాదనను ఆమోదించవలసిందని లేదా తిరస్కరించవలసిందని బహిరంగంగా చెప్పడాన్ని మద్దతు ప్రకటన (ఎండార్స్‌మెంట్) అంటారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో స్థానిక, రాష్ట్ర స్థాయి ఎన్నికలలో ఇవి ముఖ్యమైన పాత్ర వహిస్తాయి. తక్కువ పన్నులు, పరిమిత ప్రభుత్వం, నేరాలకు కఠిన శిక్షలు, మతంతో ముడిపడిన కుటుంబ విలువలు కోరేవారిని ఆ దేశంలో సంప్రదాయవాదులు (కన్సర్వేటివ్‌లు) అని వ్యవహరిస్తారు. వీరి మద్దతు ప్రకటనల ప్రభావం, ఆ ప్రభావానికి ఉన్న పరిమితులు కాలిఫోర్నియా రాష్ట్ర చరిత్రలో స్పష్టంగా కనిపిస్తాయి.

నేపథ్యం

కాలిఫోర్నియా ఓటరుకు అందే బ్యాలట్ పత్రం చాలా పొడవైనది. గవర్నరు, శాసనసభ్యుల పదవులతో పాటు నగర పాలక మండలి, పాఠశాల బోర్డు, కౌంటీ షెరీఫ్, న్యాయమూర్తుల పదవులు కూడా అందులో ఉండవచ్చు. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం నగర, కౌంటీ, పాఠశాల, న్యాయ సంబంధమైన పదవులు పక్షరహితమైనవి. అంటే అభ్యర్థి పేరు పక్కన పార్టీ పేరు ఉండదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కూడా సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండానే జరుగుతాయి. అయినా ఫలానా పార్టీ బలపరచిన అభ్యర్థి అని ఊరందరికీ తెలుస్తుంది. కాలిఫోర్నియాలో లక్షల జనాభా గల నగరాలలో ఓటర్లకు అభ్యర్థులతో అటువంటి ముఖపరిచయం ఉండదు కనుక, మద్దతు ప్రకటనలే ఆ సమాచారాన్ని అందిస్తాయి.

పదవులతో పాటు చట్ట ప్రతిపాదనలపై కూడా ఓటర్లు నేరుగా తీర్పు చెబుతారు. గవర్నరు హైరమ్ జాన్సన్ కాలంలో, 1911లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టారు. రైల్వే కంపెనీకి రాష్ట్ర రాజకీయాలపై ఉన్న పెత్తనాన్ని తగ్గించడం అప్పటి సంస్కరణవాదుల ఉద్దేశం. గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతానికి సమానమైన సంతకాలు సేకరిస్తే ఒక చట్టాన్ని, 8 శాతానికి సమానమైన సంతకాలు సేకరిస్తే ఒక రాజ్యాంగ సవరణను ఓటర్ల ముందు ఉంచవచ్చు. సంస్కరణవాదులు తెచ్చిన ఈ సాధనమే తరువాతి కాలంలో సంప్రదాయవాదులకు బలమైన ఆయుధమైంది.

13వ ప్రతిపాదన (1978)

1970లలో కాలిఫోర్నియాలో ఇళ్ళ ధరలు వేగంగా పెరగడంతో ఆస్తిపన్ను కూడా పెరిగింది. ఆదాయం పెరగని వృద్ధులు, విశ్రాంత ఉద్యోగులు పన్ను కట్టలేక ఇల్లు అమ్ముకోవలసి వస్తుందని భయపడ్డారు. హోవార్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు ఉద్యమకారులు సంతకాలు సేకరించి 13వ ప్రతిపాదనను బ్యాలట్‌పైకి తెచ్చారు. దాని ప్రకారం ఆస్తిపన్ను ఆస్తి విలువలో 1 శాతం మించరాదు. విలువను 1975 నాటి స్థాయికి తగ్గించి, ఆస్తి చేతులు మారే వరకు ఏటా 2 శాతానికి మించి పెంచరాదు. రాష్ట్ర పన్నులు పెంచాలంటే శాసనసభలో మూడింట రెండు వంతుల ఆమోదం కావాలి.

గవర్నరు జెర్రీ బ్రౌన్, ఉపాధ్యాయ సంఘాలు, అనేక పెద్ద వ్యాపార సంస్థలు దీనిని వ్యతిరేకించాయి. ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ బలపరిచాడు. 1978 జూన్ 6న సుమారు 65 శాతం ఓట్లతో ఇది నెగ్గింది. స్థానిక సంస్థల ఆస్తిపన్ను ఆదాయం సగానికి పైగా పడిపోయింది. పాఠశాలలకు నిధులు సమకూర్చే బాధ్యత చాలావరకు రాష్ట్ర ప్రభుత్వంపై పడింది. పాత ఇళ్ళ యజమానులకు ఊరట లభించినా, పక్కపక్కనే ఉన్న ఒకే రకమైన రెండు ఇళ్ళలో కొత్తగా కొన్నవారు ఎన్నో రెట్లు ఎక్కువ పన్ను కట్టే పరిస్థితి ఏర్పడింది.

జార్విస్ పేరుతో ఏర్పడిన పన్ను చెల్లింపుదారుల సంఘం నాటి నుండి పన్ను సంబంధమైన ప్రతిపాదనలపై తన అభిప్రాయాన్ని ప్రకటిస్తూ వస్తోంది. పెద్ద వాణిజ్య ఆస్తులపై మార్కెట్ విలువ ప్రకారం పన్ను వేయాలన్న 15వ ప్రతిపాదనను (2020) ఈ సంఘం వ్యతిరేకించింది. సుమారు 52 శాతం మంది వ్యతిరేకంగా ఓటు వేయడంతో అది వీగిపోయింది.

సంప్రదాయవాదులలో భేదాభిప్రాయాలు

సంప్రదాయవాదులందరూ ఎప్పుడూ ఒకే మాట మీద ఉంటారనుకోవడం సరికాదు. పన్నుల తగ్గింపు కోరేవారు, మత సంస్థలు, వ్యాపారులు, శాంతిభద్రతలకు ప్రాధాన్యమిచ్చేవారు వేరువేరు వర్గాలు.

* 6వ ప్రతిపాదన (1978 నవంబరు): స్వలింగ సంపర్కులను ప్రభుత్వ పాఠశాలల ఉద్యోగాల నుండి తొలగించేందుకు రాష్ట్ర సెనేటర్ జాన్ బ్రిగ్స్ దీనిని తెచ్చాడు. మాజీ గవర్నరు రొనాల్డ్ రీగన్ బహిరంగంగా వ్యతిరేకించాడు. ప్రతిపాదన ఓడిపోయింది. ఎందరో ఉపాధ్యాయుల జీవనోపాధి ఆ ఓటుపై ఆధారపడి ఉన్నందున, ఈ ప్రకటన రీగన్ రాజకీయ జీవితంలో చెప్పుకోదగ్గ ఘట్టంగా నిలిచింది.
* 187వ ప్రతిపాదన (1994): చట్టబద్ధ అనుమతి లేని వలసదారులకు ప్రభుత్వ విద్య, వైద్య సేవలు నిరాకరించాలన్నది దీని సారాంశం. రిపబ్లికన్ గవర్నరు పీట్ విల్సన్ సమర్థించగా, అదే పార్టీకి చెందిన జాక్ కెంప్, విలియం బెనెట్ వ్యతిరేకించారు. సుమారు 59 శాతం ఓట్లతో నెగ్గినా, ఫెడరల్ న్యాయస్థానం అడ్డుకోవడంతో దీని ప్రధాన అంశాలు అమలు కాలేదు.
* 8వ ప్రతిపాదన (2008): వివాహం స్త్రీ పురుషుల మధ్యనే జరగాలన్న ఈ సవరణకు కాథలిక్, మోర్మన్, ఎవాంజెలికల్ చర్చిలు మద్దతునిచ్చాయి. రిపబ్లికన్ గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ వ్యతిరేకించాడు. సుమారు 52 శాతం ఓట్లతో నెగ్గింది. న్యాయస్థానాల తీర్పుల ఫలితంగా 2013లో దీని అమలు ఆగిపోయింది. 2024లో ఓటర్లు 3వ ప్రతిపాదన ద్వారా ఆ వాక్యాన్ని రాజ్యాంగం నుండి తొలగించారు.
* 36వ ప్రతిపాదన (2024): కొన్ని దొంగతనాలకు, మాదకద్రవ్య నేరాలకు శిక్షలు పెంచింది. డెమోక్రటిక్ గవర్నరు గావిన్ న్యూసమ్ వ్యతిరేకించగా, రిపబ్లికన్లతో పాటు శాన్ ఫ్రాన్సిస్కో, శాన్ హోసే నగరాల డెమోక్రటిక్ మేయర్లు సమర్థించారు. సుమారు 68 శాతం ఓట్లతో నెగ్గింది.

న్యాయమూర్తుల ఎన్నిక

రాష్ట్ర సర్వోన్నత న్యాయస్థానపు న్యాయమూర్తులను కొనసాగించాలా వద్దా అన్న ప్రశ్నకు ఓటర్లు అవును లేదా కాదు అని జవాబిస్తారు. ప్రధాన న్యాయమూర్తి రోజ్ బర్డ్ తన ముందుకు వచ్చిన మరణశిక్ష కేసులన్నింటిలో శిక్షను రద్దు చేయాలనే ఓటు వేశారు. గవర్నరు జార్జ్ డ్యూక్‌మేజియన్, పలు సంప్రదాయవాద సంఘాలు ఆమెను తొలగించాలని ప్రచారం చేశారు. 1986 నవంబరులో ఆమెతో పాటు క్రూజ్ రెనోసో, జోసెఫ్ గ్రోడిన్ అనే మరో ఇద్దరు న్యాయమూర్తులు పదవులు కోల్పోయారు. న్యాయమూర్తికి ప్రజలు జవాబుదారీ కోరవచ్చునని ఒక వర్గం వాదించగా, ఎన్నికల భయంతో తీర్పులు చెప్పే పరిస్థితి రాకూడదని మరొక వర్గం వాదించింది.

చట్టపరమైన నియమాలు

ప్రాథమిక ఎన్నికలలో పార్టీ కమిటీలు అభ్యర్థులకు మద్దతు ప్రకటించరాదన్న కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీం కోర్టు 1989లో కొట్టివేసింది. అటువంటి నిషేధం వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని పేర్కొంది. 1954 నాటి ఫెడరల్ చట్టసవరణ ప్రకారం పన్ను మినహాయింపు పొందే చర్చిలు, ధార్మిక సంస్థలు అభ్యర్థులకు మద్దతు ప్రకటించరాదు. ప్రతిపాదనల విషయంలో మాత్రం పరిమితంగా ప్రచారం చేయవచ్చు. ప్రార్థన సమయంలో తమ సభ్యులతో మాట్లాడే మాటలకు ఈ నిషేధం వర్తించదని పన్నుల శాఖ 2025లో ఒక న్యాయస్థానానికి తెలిపింది.

నగర మండలులు, పాఠశాల బోర్డులు ఒక ప్రతిపాదనపై తీర్మానం చేయవచ్చు గాని ప్రజాధనంతో ప్రచారం చేయరాదు.

డబ్బు చెల్లించి పొందే సిఫారసులు

ఎన్నికల ముందు ఇళ్ళకు చేరే సిఫారసు కార్డులను స్లేట్ మెయిలర్లు అంటారు. పార్టీ ప్రకటనల వలె కనిపించే వీటిని తరచు వ్యాపార పద్ధతిలో అచ్చువేస్తారు. సంప్రదాయవాదులను ఆకర్షించే పేర్లతోనూ, ఉదారవాదులను ఆకర్షించే పేర్లతోనూ ఇవి వస్తాయి. డబ్బు చెల్లించిన అభ్యర్థి లేదా ప్రతిపాదన పక్కన నక్షత్రపు గుర్తు ఉండాలని, ఇది అధికారిక పార్టీ సంస్థ పంపినది కాదని తెలపాలని రాష్ట్ర చట్టం నిర్దేశిస్తుంది. ఈ గుర్తు అర్థం తెలియని ఓటరు, డబ్బిచ్చి కొన్న ప్రకటనను నిజమైన మద్దతుగా పొరబడే అవకాశం ఉంది. అక్కడ పౌరసత్వం పొంది ఓటు వేసే తెలుగువారి ఇళ్ళకు కూడా ఈ కార్డులు వస్తాయి.

ఓటరుకు ఉపయోగం

1988 నవంబరులో కాలిఫోర్నియా బ్యాలట్‌పై బీమా సంస్కరణలకు సంబంధించి ఒకేసారి ఐదు ప్రతిపాదనలు వచ్చాయి. వాటిలో 103వది మాత్రమే నెగ్గింది. ఆ ఎన్నికపై రాజనీతి శాస్త్రవేత్త ఆర్థర్ లూపియా జరిపిన అధ్యయనం 1994లో వెలువడింది. ప్రతిపాదనల వివరాలు అంతగా తెలియకపోయినా, బీమా కంపెనీలు దేనిని కోరుకుంటున్నాయో తెలిసిన ఓటర్లు, వివరాలు బాగా తెలిసిన వారి వలెనే ఓటు వేసినట్లు అందులో తేలింది.

దీనిని బట్టి మద్దతు ప్రకటన విలువ దాని వెనుక ఉన్నవారి గురించిన పరిచయంపై ఆధారపడుతుందని తెలుస్తుంది. ప్రకటించినవారి ప్రయోజనం ఏమిటో తెలిసిన ఓటరుకు, తాను వారితో ఏకీభవించినా ఏకీభవించకపోయినా, అది ఉపయోగపడే సమాచారమే. రాష్ట్ర ప్రభుత్వం ప్రచురించే ఓటర్ల సమాచార పుస్తకంలో ప్రతి ప్రతిపాదనకు అనుకూల, ప్రతికూల వాదనలు, వాటిపై సంతకం చేసినవారి పేర్లు, నిష్పాక్షిక ఆర్థిక విశ్లేషణ ఉంటాయి. సిఫారసు కార్డును ఈ పుస్తకంతో పోల్చి చూసుకోవడం ఓటరుకు సాధ్యమవుతుంది.