ఎడారి నేలకు ధర్మకర్తలు

ఆస్ట్రేలియా ఖండం నడిబొడ్డున, ఎర్రని ఇసుక నేలపై 348 మీటర్ల ఎత్తున నిలిచిన మహాశిల ఉలూరు. వర్షం అరుదైన ఆ ఎడారిలో అనంగు అనే ఆదివాసులు అనాదిగా నివసిస్తున్నారు. వారి దృష్టిలో భూమి క్రయవిక్రయాలకు తగిన వస్తువు కాదు. అది పూర్వులు నడచిన బాట. తరతరాలుగా కాపాడవలసిన బాధ్యత.

వలస వచ్చిన ఆంగ్లేయులు ఈ బంధాన్ని గుర్తించలేదు. కంచెలూ దస్తావేజులూ లేని నేల ఎవరిదీ కాదని భావించి, దానిని ప్రభుత్వ సొత్తుగా చేసుకొన్నారు. 1966లో విన్సెంట్ లింగియారి నాయకత్వాన గురింజి తెగవారు వేవ్ హిల్ పశుక్షేత్రంలో పని మానివేసి, తమ నేలను తమకు ఇమ్మని కోరారు. తొమ్మిదేండ్ల తరువాత ప్రధాని గాఫ్ విట్లమ్ లింగియారి చేతిలో మట్టి పోసి, కొంత భూమిని కౌలుగా అప్పగించారు. 1976లో ఆస్ట్రేలియా పార్లమెంటు నార్తర్న్ టెరిటరీ ప్రాంతానికి ఆదివాసుల భూమి హక్కుల చట్టాన్ని చేసింది.

ఈ చట్టం ప్రకారం భూమిపై హక్కు పత్రం ఏ వ్యక్తి పేరునా ఉండదు. భూధర్మనిధి అనదగిన ఒక ట్రస్టు పేరున ఉంటుంది. ట్రస్టు ఆ భూమిని అమ్మరాదు. భూమండలి ఆదేశం లేనిదే అది ఏ ఒప్పందమూ చేసుకోరాదు. భూమండలి సైతం సంప్రదాయ యజమానులకు విషయాన్ని వివరించి, వారి సమ్మతి పొందవలసి ఉంటుంది. ఒక పవిత్రస్థలంతో వంశపారంపర్యంగా ఆధ్యాత్మిక సంబంధం కలిగి, దాని రక్షణభారం వహించేవారే సంప్రదాయ యజమానులు. బాధ్యతయే వారి హక్కుకు మూలం.

1985 అక్టోబరు 26న ఉలూరు భూమిని అనంగుల ట్రస్టుకు అప్పగించారు. అయితే ఆ ప్రాంతాన్ని జాతీయ ఉద్యానవనంగా కొనసాగించేందుకు 99 ఏండ్లకు ప్రభుత్వానికే తిరిగి కౌలుకు ఇవ్వవలసి వచ్చింది. పవిత్రమైన ఆ శిలను ఎక్కవద్దని అనంగులు కోరుతున్నా, యాత్రికులు ఎక్కుతూనే వచ్చారు. అనంగులే అధిక సంఖ్యలో ఉన్న ఉద్యానవన పాలకమండలి 2017లో ఆరోహణను నిషేధించాలని తీర్మానించింది. ఆ నిషేధం 2019 అక్టోబరు 26న అమలులోకి వచ్చింది.

పత్రం చేతికి వచ్చిన నాటి నుండి మాట చెల్లుబాటయ్యే నాటికి 34 సంవత్సరాలు గడిచాయి. భూమిపై పేరు ఉండటం ఒకటి, ఆ భూమిపై తమ మాట నిలవటం మరొకటి. ఈ రెండూ కలిసినప్పుడే యాజమాన్యానికి సార్థకత.