డాబాపై ఐదు మీటర్లు

గ్రామములలో ఇరుగుపొరుగువారు ఒక్క ఇంటర్నెట్ కనెక్షనును తీగ లేకుండ పంచుకొను విధమును గూర్చి ముఖచిత్ర కథనము కావలెననియు, అదియు గురువారము సాయంత్రములోపల చేతికందవలెననియు మా సంపాదకులవారు ఆజ్ఞాపించినప్పుడు, జూబిలీహిల్స్ చెక్‌పోస్టు చెంత గూర్చుండి పల్లెను గూర్చి ఏమి వ్రాయుదునని మొదట సంశయించితిని. కాని ఈ కొండకును ఆ పల్లెకును గల భేదమంతయు ఒక సర్కారు కాగితములోని ఒక్క అంకెలో ఇమిడియున్నదని కనుగొన్న పిమ్మట, తారల భవనముల ఛాయాచిత్రములు తెత్తునన్న మిత్రుని వారించి, ఆ కాగితమునే ముందిడుకొంటిని.

అది 2005 జనవరి 28వ తేదీగల కేంద్రప్రభుత్వ గెజెట్ ప్రకటన. 2.4 మొదలు 2.4835 గిగాహెర్ట్జ్ వరకు గల తరంగములను, అనగా వైఫై రూటర్లు మొదటినుండి ఆశ్రయించుకొనియున్న పట్టీని, లైసెన్సు లేకయే ఎవరైనను వాడుకొనవచ్చునని అందు గలదు. పరికరపు శక్తి 1 వాట్టు, ఏంటెన్నానుండి వెలువడు బలము 4 వాట్లు మించరాదు. ఒకరి వాడుకకు మరొకరు అడ్డుపడరాదు. అడ్డుపడినను రక్షణ కోరరాదు. ఎవ్వరికిని ప్రత్యేక హక్కు లేదు. ఊరుమ్మడి చెరువునకు పెద్దలు వ్రాసికొన్న కట్టుబాటువలె నున్న ఈ నిబంధనలు నాకు మిక్కిలి నచ్చినవి. కాని చివర నొక మెలిక గలదు: ఏంటెన్నా ఎత్తు, అనుమతిగల కట్టడపు కప్పుపైన 5 మీటర్లలోపలనే యుండవలెను.

ఫిల్మ్‌నగరు గుట్టమీద ఈ ఐదు మీటర్లు ధారాళముగ చాలును. ఎత్తు ప్రకృతియే ఇచ్చినది; పై వరుస డాబామీద నిలిచినచో దిగువ ఇండ్ల నీళ్ల ట్యాంకులన్నియు కనబడును. గోదావరి డెల్టాలోనో, కొండ లేదు, గుట్ట లేదు, ఉన్నది కొబ్బరిచెట్టు. వైఫై తరంగము పోవుటకు రెండు ఏంటెన్నాలు ఒకదానికొకటి కనబడినంత మాత్రమున చాలదు. ఆ చూపురేఖ చుట్టును నడుమ ఉబ్బిన కొంత చోటు ఖాళీగ నుండవలెను. పది కిలోమీటర్ల దూరమున కది నడిమధ్య సుమారు 18 మీటర్ల వ్యాసార్ధము గలది. అందు నూటికి అరవై పాళ్లు, అనగా 11 మీటర్లకు తక్కువ కాకుండ, అడ్డు లేకుండవలెను. భూమి వంపునకు మరియొక మీటరున్నర. పెంకుటింటి కప్పు 5 మీటర్లనుకొని దానిపై మరి 5 చేర్చిన పదియే; ఎదిగిన కొబ్బరి మొవ్వు 20 మీటర్లపైన నుండును. నీరు నిండిన ఆకు ఈ తరంగమును మ్రింగివేయును గనుక, చట్టము దయచేసిన ఉచితాకాశము డెల్టా రైతునకు కొబ్బరి మట్టలక్రిందనే ముగిసిపోవును.

ఈ చిక్కును పొలముగట్లమీద ఎదుర్కొన్నది బైర్రాజు ఫౌండేషనువారి 'అశ్విని' పథకము. భీమవరము ప్రాంతపు పల్లెలకు దూరపు వైఫై లంకెలు వేసి, ఇరువైపుల ముఖములు కనబడు వీడియోద్వారా వైద్యసలహాయు, పాఠములును, సేద్యపు సలహాయు అందింపజూచిరి. దీనిని గూర్చి భాస్కరన్ రామన్, కామేశ్వరి చెబ్రోలు 2007లో ప్రకటించిన వ్యాసము చదువదగినది. రేడియో పరికరము చౌక, దానిని పైకెత్తి నిలుపు స్తంభమే భారమని అందు తేలును. అంతకుముందు, 2005లో, వారే మరొక సంగతి విప్పిరి. వైఫై గదికొరకు పుట్టినది: మాటాడుటకు ముందు చెవియొగ్గును, మాటాడిన పిదప క్షణకాలము బదులునకై వేచి, రాకున్న పోయినదనుకొనును. తరంగము 20 కిలోమీటర్లు పోవుటకే 67 మైక్రోసెకన్లు పట్టునప్పుడు ఆ మర్యాద పనికిరాదు. కనుక ఒక స్తంభముమీది ఏంటెన్నాలన్నియు ఒక్కమారు పలుకవలెను, పిదప అన్నియు ఒక్కమారు వినవలెను. ఒకటి వినుచుండగా మరొకటి పలికెనా, ప్రక్కదాని ఘోషలో దూరపు పలుకు మునిగిపోవును. ఇంత మేధ వెచ్చించిన రంగమునకు పోషకుల కుటుంబమునుండియే విఘాతము వచ్చెను: ఆ కుటుంబమువాడే యగు సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు, కంపెనీ లెక్కలలోని మోసము నొప్పుకొనుచు వ్రాసిన లేఖ 2009 జనవరి 7న వెలువడెను.

ఈ చట్టముల చరిత్ర యందురా? 1885 చట్టము తంతిని సర్కారు సొత్తు చేసెను. 1933 చట్టము లైసెన్సు లేని నిస్తంత్రీ పరికరము దగ్గరనుంచుకొనుటయే నేరమనెను. 2018లో 5 గిగాహెర్ట్జ్ పట్టీలును లైసెన్సునుండి విడుదలయ్యెను. పాత చట్టముల స్థానమున 2023లో క్రొత్తది వచ్చెను. ఇక ముందుకు పోవుదము.

పంచుకొనుట మనవారికి ఎవ్వరును నేర్పనక్కరలేదు. "అక్కా, పాస్‌వర్డ్ మార్చినవా?" యని గుట్టమీది సందులో గోడ మీదుగా నడుగు ప్రశ్నయే, భీమవరమువైపు "ఏవండీ, నెట్టు ఆపేశారేంటండీ?" యని వినబడును. అడ్డుపడినది జవాబుదారీతనము. 2008 జూలైలో అహ్మదాబాదు పేలుళ్లకు ముందు పంపబడిన ఈమెయిలు నవీముంబైలో నొకరి తాళము లేని వైఫైనుండి పోయినది; మరుసటి ఫిబ్రవరిలో టెలికాం శాఖ, వాడువారెవరో తెలియని వైఫై యుండరాదని ఆదేశించెను. ప్రక్కయింటి కుర్రవాడు చేసిన పనికి కనెక్షను పేరుగలవాడు ఠాణా మెట్లెక్కవలసివచ్చునన్న భయము, నా దృష్టిలో, కొబ్బరిచెట్లకంటె పెద్ద అడ్డు.

కిరాణాకొట్టు వైఫై

ఆ భయమునకు కొంత విరుగుడు 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గమామోదించిన పీఎం-వాణి యను బహిరంగ వైఫై పథకము. కొట్టువాడు లైసెన్సు లేక, రుసుము లేక వైఫై అమ్మవచ్చును. వచ్చినవాని గుర్తింపు యాప్ చూచుకొనును. అయినను కంపెనీలు కొట్టువానికి ఖరీదైన లీజు లైను అంటగట్టజూచుటచే పథకము కుంటెను. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్, 200 ఎంబీపీఎస్ వరకు ఇంటి ప్లానునకు రెట్టింపు మించి వసూలు చేయరాదని కట్టడి చేసినది. ఇంటి ధరకే ఎందుకీయరాదో నాకు బోధపడలేదు.

కరెంటు స్తంభము, కాంతిరేఖ

ఇంటింటికి నెట్టు చేర్చుటకు రాష్ట్రప్రభుత్వ సంస్థయగు ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ కేబులును కరెంటు స్తంభములకే వ్రేలాడదీసెను; 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి కోవింద్ ప్రారంభించిరి; నాడు నెలకు 149 రూపాయల ప్లానుతో మొదలయ్యెను. అదే నెలలో గూగుల్ బంధువైన ఎక్స్ సంస్థ, తీగ పోలేని చోట్ల 2,000 కాంతిరేఖా లంకెలు వేయుదునని ప్రకటించెను. ఇరువది కిలోమీటర్లు పోగల ఆ కాంతియు ఆకును చీల్చుకొని పోజాలదు. స్తంభము ఖర్చెవరిదను ప్రశ్న దానికిని తప్పదు.