రంగుల బాక్స్ మార్చే ముందు కాగితం మార్చి చూడండి: కలరింగ్, పేపర్ క్రాఫ్ట్ టిప్స్

ఈ రోజు ల్యాప్‌టాప్ మూసి పక్కన పెట్టేశా. టేబుల్ మీద ఏం ఉన్నాయో చూడండి: కలర్ పెన్సిళ్ళు, రెండు రకాల కాగితాలు, స్టీల్ స్కేలు, కత్తెర, ఇంకు అయిపోయిన ఒక బాల్ పెన్ రీఫిల్. ఆ రీఫిల్ ఎందుకో తర్వాత చెప్తా, పారెయ్యకండి.

కలరింగ్ మీద వీడియో పెట్టిన ప్రతిసారీ ఒకే రకం ప్రశ్న వస్తుంది. "అన్నా, వీడియోలో వచ్చినట్టు నాకు రావట్లేదు, 24 రంగుల బాక్స్ చాలట్లేదేమో, 48ది కొనమంటారా?" దాని కిందే ఇంకో మాట ఉంటుంది: "నా చెయ్యి అంత మంచిది కాదు." ఆ రెండో మాట దగ్గరే చాలామంది ఆగిపోతారు, బొమ్మలు వెయ్యడం మానేస్తారు. అందుకే ఈ ఎపిసోడ్ చేస్తున్నా. చెయ్యి సంగతి తర్వాత చూద్దాం. మీరు దేని మీద వేస్తున్నారు? పదిమందిని అడిగితే తొమ్మిదిమంది చెప్పే జవాబు జెరాక్స్ పేపర్. అక్కడే ఉంది విషయం.

జెరాక్స్ పేపర్ ప్యాకెట్ మీద 70 జీఎస్ఎం, 75 జీఎస్ఎం, 80 జీఎస్ఎం అని రాసి ఉంటుంది. ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువు ఉందో చెప్పే లెక్క అది. ఏ0 సైజు కాగితం వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు ఉండేలా పెట్టారు. దాన్ని నాలుగుసార్లు సగం చేస్తే మన ఏ4 వస్తుంది, అంటే పదహారో వంతు. 80ని 16తో భాగిస్తే 5. కాబట్టి 80 జీఎస్ఎం ఏ4 ఒక్కటి 5 గ్రాములు. డ్రాయింగ్ షీట్ అని అడిగితే 120, 150 జీఎస్ఎం ఇస్తారు, గ్రీటింగ్ కార్డు లాంటి అట్ట 200 పైనే. ఇంకో ముఖ్యమైన తేడా గరుకు. జెరాక్స్ పేపర్ మిషన్‌లో సాఫీగా పోవాలి కాబట్టి నున్నగా ఉంటుంది. కలర్ పెన్సిల్‌కి మాత్రం కొంచెం గరుకు కావాలి. ఆ చిన్న చిన్న గుంటల్లోనే రంగు కూర్చుంటుంది. నున్నటి కాగితం మీద రెండో పొర వెయ్యగానే మూడోదానికి చోటుండదు. పెన్సిల్ జారిపోతుంది తప్ప రంగు ఎక్కదు. అప్పుడు మనం గట్టిగా నొక్కుతాం, కాగితం మెరుస్తుంది, మచ్చలు పడతాయి. తప్పు చేతిది అనుకుంటాం.

స్కెచ్ పెన్ను పాకిపోవడం కూడా కాగితం వల్లే. రాసే కాగితంలో తయారీ అప్పుడే గంజి లాంటివి కలుపుతారు, ఇంకు ఒకేసారి పీల్చెయ్యకుండా. ఆ పూత తక్కువున్న కాగితం మీద స్కెచ్ పెన్ను పెడితే గీత దాటి పాకుతుంది. ఇది మనవాళ్ళకి కొత్త సంగతేం కాదు. శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మ గియ్యకముందే బట్టని కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో నానబెట్టి ఆరబెడతారు. రంగు పక్కకి పాకకుండా ఆ పాలు ఆపుతాయి. సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటాలకైతే బట్ట మీద చింతగింజల గుజ్జు, గంజి, తెల్ల సుద్ద కలిపి పూతలు వేసి ఆరనిస్తారు. ఆ తర్వాతే గీత, ఆ తర్వాతే రంగు. వాళ్ళ పనిలో సగం పని రంగు ముట్టుకోకముందే అయిపోతుంది.

కాబట్టి పెద్ద బాక్స్ కొనే ముందు నాలుగు డ్రాయింగ్ షీట్లు కొని, పాత పెన్సిళ్ళతోనే వేసి చూడండి. 12 రంగులు చాలు, సీరియస్‌గా చెప్తున్నా.

సరే, బొమ్మ ఫోన్లో ఉంది, ప్రింట్ కావాలి. జెరాక్స్ షాపుకి వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా పంపకండి, డాక్యుమెంట్‌గా పంపండి. ఫొటోగా పంపితే సైజు తగ్గించి పంపుతుంది, గీతల చుట్టూ మసక వస్తుంది. డ్రాయింగ్ షీట్‌ని మీరే ఏ4 సైజుకి కోసి తీసుకెళ్ళి, దీని మీద వస్తుందా అని అడగండి, చాలా మిషన్లు తీసుకుంటాయి. లేజర్ ప్రింటా, ఇంక్‌జెట్టా అని కూడా అడగండి. లేజర్‌లో గీత అంటే వేడికి కరిగి కాగితానికి అతుక్కున్న ప్లాస్టిక్ పొడి. దాని మీద వాటర్ కలర్ పడినా చెదరదు. ఇంక్‌జెట్ గీత చాలాసార్లు తడి తగలగానే కరుగుతుంది. పర్మనెంట్ మార్కర్ కథ వేరు, అందులో స్పిరిట్ ఉంటుంది కాబట్టి లేజర్ గీతనే చెరపొచ్చు. ఏది వాడినా ముందు ఓ మూల గీసి చూడండి.

కాగితం మీద మొదలుపెట్టే ముందు ఫోన్లో ఒక రిహార్సల్ వేసుకోవడం నాకు ఇష్టం. చాలా డ్రాయింగ్ యాప్‌లలో రంగు బకెట్ గుర్తు ఉంటుంది, తట్టగానే ఆ గడి మొత్తం నిండుతుంది. లోపల జరిగేది సింపుల్. మీరు తట్టిన పిక్సెల్ దగ్గర మొదలై, పక్క పిక్సెల్ అదే రంగులో ఉందా, ఉంటే దాన్నీ నింపు, దాని పక్కదాన్నీ చూడు, వేరే రంగు తగిలితే ఆగు. ఫ్లడ్ ఫిల్ అంటారు, బీటెక్ వాళ్ళకి ఇంటర్వ్యూలో కూడా అడుగుతారు! అందుకే గీతలో ఎక్కడైనా ఒక్క పిక్సెల్ సందు ఉన్నా వరదలాగా రంగు బొమ్మంతా పాకుతుంది. సందు వెతికి బ్రష్‌తో మూసేస్తే సరి. గీత పక్కన తెల్ల అంచు మిగిలిపోతోందంటే అది జేపీజీ ఫైల్ వల్ల కావచ్చు. పీఎన్‌జీ దొరికితే అది వాడండి. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: స్క్రీన్ వెలుగుని పంపుతుంది, కాగితం పడ్డ వెలుగుని తిప్పి కొడుతుంది అంతే. ఫోన్లో కనిపించే ఆ మెరిసే పచ్చ కాగితం మీద రాదు. ఎవరికీ రాదు.

ఇప్పుడు రామచిలుక వేద్దాం. బొమ్మ ఎత్తు పది సెంటీమీటర్లు దాటనివ్వకండి, ఎందుకో చివర్లో తెలుస్తుంది. కాగితం కింద నాలుగైదు పాత కాగితాలు మెత్తగా పెట్టుకోండి, లేకపోతే టేబుల్ మీది గీతలన్నీ బొమ్మలో దిగుతాయి. చెయ్యి కింద ఇంకో కాగితం ముక్క, చెమట అంటకుండా. వెలుగు ఎటు నుంచి వస్తుందో ముందే అనుకుని మూల మీద చిన్న బాణం గుర్తు వేసుకోండి. ఈ చిలుకకి ఎడమవైపు పై నుంచి అనుకుందాం.

మొదట ఒళ్ళంతా లేత పసుపు. పచ్చ కాదు, పసుపు. పెన్సిల్ని వెనక్కి పట్టుకోండి, మొన దగ్గర పట్టుకుంటే తెలీకుండానే బరువు పడుతుంది. అటూ ఇటూ గీకకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతూ పోండి, చారలు కనిపించవు. దాని మీద లేత పచ్చ. ఎడమ భుజం దగ్గర కొంచెం పసుపు అలాగే వదిలెయ్యండి, అక్కడ వెలుగు పడినట్టు ఉంటుంది. మూడో పొర ముదురు పచ్చ, పొట్ట కింద, రెక్క మడత దగ్గర. ఇక నీడ. చాలామంది ఇక్కడే నలుపు తీస్తారు, చిలుక మసిబారిన గిన్నెలా అవుతుంది. నలుపు పక్కన పెట్టి నీలం తీసుకోండి. పచ్చ మీద నీలం సన్నగా వేస్తే నీడ చల్లగా, నిజంగా నీడలా ఉంటుంది. ముక్కు ఎరుపు, దాని నీడకి గోధుమరంగు. నలుపు కంటిపాపకీ, మెడ చుట్టూ పట్టీకీ మాత్రమే. కంట్లో మెరుపు చుక్క తెల్లగా వదిలెయ్యాలి, తర్వాత తెల్ల పెన్సిల్‌తో దిద్దుదాం అంటే కుదరదు, ముదురు రంగు మీద తెల్ల పెన్సిల్ సరిగ్గా కనపడదు.

అయితే ఆ తెల్ల పెన్సిల్ బాక్స్‌లో ఎందుకుంది? అన్ని పొరలూ అయ్యాక దాంతో ఒకసారి గట్టిగా రుద్దండి. రంగులు కలిసిపోయి, తెల్ల చుక్కలు మూసుకుపోయి నున్నగా వస్తుంది. ఇది ఆఖరి పని. పెన్సిల్‌లో ఉన్న మైనంతో గుంటలు నిండిపోతాయి కాబట్టి దీని తర్వాత ఇంకో రంగు ఎక్కదు.

చిలుక రెడీ. కత్తిరించి, కార్డు తెరవగానే లేచి నిలబడేలా పాప్-అప్ చేద్దాం. ఇక్కడ కాగితం ఇంకో గుణం బయటపెడుతుంది.

ఇంట్లో పాత న్యూస్ పేపర్ ఉంటే వీడియో పాజ్ చేసి తెచ్చుకోండి. పై నుంచి కిందకి చించండి, దాదాపు తిన్నగా చినుగుతుంది. ఇప్పుడు అడ్డంగా చించండి. వంకరటింకరగా పోయింది కదా? కాగితం అంటే సన్నటి పీచు అల్లుకున్న పొర. మిషన్ మీద గుజ్జు పరుగెత్తేటప్పుడు ఆ పీచులో ఎక్కువ భాగం మిషన్ నడిచే దిక్కుకే తిరుగుతుంది. దీన్నే గ్రెయిన్ అంటారు, మనం పీచు దిశ అందాం. పీచు వెంట మడిస్తే మడత కత్తిలా వస్తుంది. పీచుకి అడ్డంగా మడిస్తే, అట్ట అయితే మరీ, మడత మీద పగుళ్ళు వచ్చి తెల్లగా లేస్తుంది. స్కూల్ ప్రాజెక్టులో అట్ట డబ్బా ఒక వైపు నీటుగా, ఇంకో వైపు చిరిగినట్టు వచ్చిందంటే కారణం ఇదే.

అట్టని చించి చూడలేం, వంచి చూడండి. అరచేతితో మెల్లగా ఒక వైపు వంచండి, తర్వాత ఇంకో వైపు. సులువుగా వంగిన వైపు మడత గీత ఎటు ఉంటుందో అదే పీచు దిశ. మామూలు ఏ4 కాగితాల్లో ఎక్కువభాగం పీచు పొడుగు వైపే ఉంటుంది. మనం కార్డు కోసం ఏ4ని మధ్యకి మడిస్తే మడత పొట్టి వైపు పడుతుంది, అంటే సరిగ్గా అడ్డంగా! అందుకే పెద్ద చార్టు కొని, మడత పీచు వెంట పడేలా మనమే కోసుకోవడం మేలు. చిలుకకైతే పీచు నిలువుగా ఉండాలి, లేకపోతే నాలుగు రోజుల్లో తల వాలుస్తుంది.

ఇక రీఫిల్. స్కేలు పెట్టి, మడత రావాల్సిన చోట ఇంకు లేని రీఫిల్‌తో ఒకసారి నొక్కి గీయండి. గాడి పడుతుంది, అట్ట ఆ గాడి వెంటే మడుస్తుంది. దీనికి ఆన్‌లైన్‌లో ప్రత్యేకం పరికరాలు అమ్ముతారు, కొనక్కర్లేదు.

కార్డు సైజు మడిచాక ఏ5, అంటే మడత గీత 21 సెంటీమీటర్లు, మడత నుంచి అంచుకి 14.8. కార్డు మూసి ఉండగానే మడత అంచు మధ్యలో, మూడు సెంటీమీటర్ల ఎడంతో రెండు కోతలు పెట్టండి, ఒక్కోటి నాలుగు సెంటీమీటర్ల లోతు. రెండు కోతల చివర్లని కలుపుతూ రీఫిల్‌తో గాడి వేసి, ఆ ముక్కని ముందుకీ వెనక్కీ ఒకసారి మడవండి. ఇప్పుడు కార్డు సగం తెరిచి ఆ ముక్కని లోపలికి తొయ్యండి. చిన్న మెట్టు లాగా నిలబడుతుంది. ఆ మెట్టు ముందు గోడకి చిలుకని అంటిస్తాం.

ఎంత ఎత్తు చిలుక పడుతుంది? కార్డు మూస్తుంటే మెట్టు ముందు గోడ వెనక గోడతో పాటే ముందుకి వాలుతుంది. మడత నుంచి నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలై, చిలుక అక్కడి నుంచి అంచు వైపు పడుకుంటుంది. అంటే కోత లోతు, బొమ్మ ఎత్తు రెండూ కలిపి 14.8 దాటకూడదు. 4కి 10 కలిపితే 14, సరిపోయింది. పన్నెండు సెంటీమీటర్ల చిలుక వేశారనుకోండి, కార్డు మూశాక కిందినుంచి తల బయటకి చూస్తూ ఉంటుంది. కావాలని అలా చేసేవాళ్ళూ ఉన్నారు, అది వేరే సంగతి.

అంటించే విషయంలో రెండు మాటలు. మెట్టు ముందు గోడకి క్రేయాన్ వేశారంటే జిగురు పట్టదు, మైనం కదా. ఆ గోడ తెల్లగానే వదిలెయ్యండి, ఎలాగూ చిలుక వెనక దాక్కుంటుంది. ఫెవికాల్ ధారగా పొయ్యకండి. తడి తగలగానే పీచు అడ్డంగా ఉబ్బుతుంది, కాగితం గొట్టంలా చుట్టుకుంటుంది. అగ్గిపుల్ల మొనతో పల్చగా రాసి, ఓ బరువైన పుస్తకం కింద పెట్టండి. మెట్టు కోసినచోట కార్డు వెనక కన్నం పడుతుంది కాబట్టి బయట ఇంకో కాగితం అంటించండి, మెట్టుకి మాత్రం జిగురు తగలనివ్వద్దు, తగిలితే మెట్టు లేవదు.

చార్టు దొరక్కపోతే ఏ4నే పొడుగ్గా మడవండి. అప్పుడు మడత పీచు వెంటే పడుతుంది, వెడల్పాటి స్టేజీ వస్తుంది, చిలుకలు మూడు వరసగా పెట్టొచ్చు. కాకపోతే మడత నుంచి అంచుకి 10.5 సెంటీమీటర్లే ఉంటాయి. కోత మూడు పెడితే చిలుక ఏడు లోపే.

చేసినవాళ్ళు కార్డు తెరిచిన ఫొటోతో పాటు మూసి ఉన్న ఫొటో కూడా పెట్టండి, తల బయటికొచ్చిందో లేదో చూస్తా. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే చిలుకకి కార్డు తెరవగానే రెక్కలు విచ్చుకునేలా చేద్దాం, దానికి మెట్టు బదులు ఏటవాలు మడత కావాలి. ఆ కోసిన ముక్కలు దాచిపెట్టుకోండి. ఉంటా మరి, బై.