నూనె పూసిన బాట

మన అనంతపురము సీమలో నూనె యనగానే శెనక్కాయల నూనెయే మనస్సునకు వచ్చును. తాలింపునకును, పిండివంటలకును, దేవుని దీపమునకును దానిని వాడుట మన మెఱిగినదే. కాని నేలపై నూనె పూసి, ఆ నూనెపై బరువైన గుండును దొర్లించి ఆడు ఆట యొకటి కలదనియు, నూనె పూసిన తీరును బట్టి ఆటగాండ్ర గెలుపోటములు తాఱుమాఱగుననియు గడచిన సంక్రాంతి వఱకు నే నెఱుగను. బెంగళూరునందు ఉద్యోగము చేయుచున్న మా అక్క కుమార్తె పండుగకు మా యింటికి వచ్చి, రెండు దినములు మొగము ముడుచుకొని కూర్చుండుటచే నా కీ సంగతి తెలియవచ్చినది.

ఆ ఆట పేరు బౌలింగు. మన క్రికెట్టులో బంతి విసరుట కాదు. నున్నని పలకల బాట చివర పది కొయ్యలు ముక్కోణముగా నిలుపుదురు. వీనిని పిన్ను లందురు. ఒక్కొక్కటి 15 అంగుళముల యెత్తు. ఆటగాడు నిలుచు గీత నుండి మొదటి పిన్నునకు 60 అడుగుల దూరము. బాట వెడల్పు మూడున్నర అడుగులే. దానిలో సన్నని పలకలు 39. ఇరుప్రక్కల కాలువలు. గుండు 16 పౌనులకు మించరాదు. మొదటి దొర్లింపుతోనే పదియు పడిన స్ట్రైకు. మిగిలిన వానిని రెండవ దొర్లింపుతో పడగొట్టిన స్పేరు. ఇట్టి పది వంతు లొక ఆట. అన్నియు స్ట్రైకులే యైన 300 వచ్చును. అంతకు మించిన లెక్క లేదు.

మా అమ్మాయి ప్రతి శనివారము తోడి యుద్యోగినులతో ఆడి, సగటున 170 వఱకు తెచ్చుకొనుచుండెడిది. ఆ ధైర్యముతో తన జీతములోని రొక్కము కట్టి, వేడుకకై ఆడువారి పోటీలో చేరినది. ఆఱు ఆటలాడగా సగటు 118! పట్టికలో కడపటి వరుస. ఇంటికి వచ్చిన పిదప మా బావగారు, "గుండ్లు దొర్లించుటకా నిన్ను చదివించినది?" అనిరట. ఇక నా యాట జోలికి పోనని అది నిశ్చయించుకొన్నది.

"అమ్మాయీ, నిన్న మొన్నటి వఱకు వచ్చిన విద్య ఒక్క దినమున చేయి మఱచునా?" అని యడిగితిని.

"చేయి మఱవలేదు చిన్నమ్మా, బాట మాఱినది" అన్నది.

ఆ మాటకు నాకు కుతూహలము కలిగి, కూర్చుండబెట్టి అంతయు చెప్పించుకొంటిని.

బాటను కాపాడుటకును, గుండు జాఱుటకును యంత్రముతో పలుచని నూనె పూయుదురట. ఇది వంటనూనె కాదు, ఖనిజ తైలము. ఒక్కొక్క బాటకు సామాన్యముగా 20 నుండి 30 మిల్లీలీటర్లు, అనగా మన చిన్న చెంచాతో నాలుగు మొదలు ఆఱు చెంచాలు. అంతటి యల్పమైన తైలము ఆటనంతను శాసించును. 60 అడుగులలో ఇంచుమించు మొదటి 40 అడుగులకే నూనె; ఆపైన పొడి. త్రిప్పి విడిచిన గుండు నూనెపై జాఱుచు పోయి, పొడిచోటు చేరగనే నేలను పట్టుకొని పిన్నులవైపు మలుపు తిరుగును.

వేడుక కాడు శాలలలో నడుమ నూనె దట్టముగను, అంచులందు పలుచగను పూయుదురు. అంచున ఒకవంతైనచో నడుమ ఎనిమిది పదింతలుండుట కలదు. అందుచే కుడిచేతివాటము వారు కొంత కుడికి తప్పినను, అచ్చటి పొడి గుండును మరల లోనికి త్రిప్పును. ఎడమకు తప్పిన, దట్టమైన నూనె అధికముగ మలుపు తిరుగనీయక నిలుపును. అనగా ఆటగాని తప్పును బాటయే దిద్దుచుండును! గట్టి పోటీలలో నిట్లు కాదు. నడుమకును అంచునకును గల భేదము మూడింతలకు లోపుగనే యుంచుదురు. అమెరికాలో జరుగు యు.ఎస్. ఓపెన్ అను పోటీయందు ఈ చివర నుండి ఆ చివరకు ఇంచుమించు సమముగ పూయుట వాడుక. అచ్చట రెండు పలకలు తప్పిన, తప్పినట్లే. పైగా ఆట సాగుకొలది గుండ్లు నూనెను పీల్చుకొనుటయు, ముందునకు ఈడ్చుకొనిపోవుటయు గలదు. కావున ఉదయమున నడచిన దారి మధ్యాహ్నమునకు నడవదు.

ఇది వినగా నాకు మన పొలములు జ్ఞప్తికి వచ్చినవి. రేగడి నేల తడిని నాలుగు దినములు దాచుకొనును. విత్తువాడు కొంత జాగు చేసినను క్షమించును. ఎఱ్ఱనేల యట్లు కాదు. సాలునకు 550 మిల్లీమీటర్ల వాన పడుటయే గగనమైన మన సీమలో, పదును చూచి ఆ రెండు మూడు దినములలో విత్తిన వాడే కాపు. రేగడిలో పండించిన వాడు ఎఱ్ఱనేలలో ఎండించిన, వానికి సేద్యము రాదని కాదు. ఇంతవఱకు తన పొరపాట్లను నేల కప్పిపుచ్చినదని అర్థము.

"పోటీకి ముందుగా నూనె తీరు చెప్పరా?" అని ప్రశ్నించితిని. పటము గీసి గోడకు అంటించిరట. ఇది చూడనే లేదట! ఆ పటములో నూనె పొడవు వ్రాసియుండును. ఆటగాండ్ర కొక తేలిక లెక్క కలదు: నూనె పొడవులో 31 తీసివేయవలెను. 40 అడుగులైన 9 మిగులును. గుండు మలుపు తిరుగుచోటు అంచునుండి 9వ పలక దరిని ఉండవలెను. ఇది గుఱికి మొదటి ఊహ మాత్రమే. తక్కినది కంటితో కనిపెట్టవలెను.

ఆట స్త్రీలకు తగదను మాట మా యింటనే పుట్టినది కాదు. అమెరికాలో 1895లో న్యూయార్కునందు పురుషుల బౌలింగు సంఘ మేర్పడగా, స్త్రీలు 1916లో సెయింట్ లూయీ నగరమున తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. 2005లో గాని యివి యేకము కాలేదు. కెల్లీ క్యూలిక్ అను నామె 2006లో పురుషుల వృత్తిపోటీల వరుసలో ఏడాది పొడవున ఆడు హక్కును సంపాదించిన మొదటి స్త్రీ. ఆ యేటి ఫలితములు చాలక ఆ హక్కు పోయినది. ఆమె ఆట మానలేదు. 2010 జనవరిలో లాస్ వేగాస్‌నందు విజేతల పోటీ తుదియాటలో క్రిస్ బార్న్స్ అను మేటి ఆటగానిని 265–195 లెక్కతో ఓడించి, ఆ వరుసలో బిరుదు గెలిచిన మొదటి స్త్రీ యయ్యెను. నాలుగేండ్ల నడుమ ఆమె యెన్ని బాటలు చదివినదో!

ఇక గణితము మా వారి పాలిటి విద్య గనుక, వారు కాగితము తీసికొని మా అమ్మాయి చేతనే లెక్క వేయించిరి. ప్రతి వంతునను మొదట తొమ్మిది పడి, మిగిలిన యొక్కటి తప్పిన ఆట మొత్తము 90. ఆ మిగిలిన యొక్కదానిని ప్రతిసారియు పడగొట్టి, కడపట నిచ్చు అదనపు దొర్లింపునను తొమ్మిదియే పడిన 190! ఒక్క స్ట్రైకైనను లేదు. నూఱు లెక్కల భేదము, పదిమాఱులు మిగిలిన ఒక్క కొయ్యలో నున్నది.

అమ్మాయి చాలసేపు ఆ కాగితమును చూచినది. "నేను స్ట్రైకుల వెంటబడి, మిగిలిన వానిని నిర్లక్ష్యము చేసితిని చిన్నమ్మా" అన్నది.

బెంగళూరు పోయి, మూడు మాసములు శనివారములందు మిగిలిన పిన్నులను కొట్టుటయే అభ్యసించినది. అందుకొఱకు అంతగా మలుపు తిరుగని ప్లాస్టికు గుండును తిన్నగా విడుతురట. అట్లు విడిచిన నూనె తీరుతో పెక్కు పని లేదు. తరువాత మరల ఒక కఠినమైన పోటీలో చేరినది. ఈ పర్యాయము ముందుగా గోడపై పటము చదివినదట. సగటు 149; పట్టికలో నడిమి వరుస. బహుమాన మేదియు రాలేదు. ఫోనులో చెప్పునపుడు దాని గొంతులోని సంతోషమునకు మాత్రము కొదువ లేదు.

మా బావగారు ఇంకను ఒప్పుకొనలేదు. అయినను మొన్న ఉత్తరమున, "నడిమి వరుస యనగా ఎందఱిలో?" అని యడిగినారు. అడిగిన తండ్రి వినగోరుచున్న తండ్రియే కదా!

సోదరీమణులారా! మన పిల్లలు తెలిసిన చోట మెప్పుపొంది, తెలియని చోట తలవంచుకొని వచ్చినపుడు, వారిని చేతకాని వారని తొందరపడి యనకుడు. బాట మాఱినదేమో యడుగుడు. అడిగి, మిగిలిన యొక్క కొయ్యను చూపుడు.