మీకు తెలుసా? శరదృతువు చివర మూసాపేటలో వెలుగు వాటం
సుమారు 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న హైదరాబాదులోని మూసాపేటలో జూన్ చివర మిట్టమధ్యాహ్నం దాదాపు నడినెత్తికి చేరే సూర్యుడు, నవంబరు చివరి వారంలో అదే వేళకు దక్షిణాకాశంలో సుమారు 52 డిగ్రీల ఎత్తులోనే ఆగిపోతాడు. అందువల్ల వేసవి ఛాయాచిత్రాలను చెడగొట్టే కనుగుంటల నీడలు ఈ రోజుల్లో బాగా పలచబడతాయి.

అంతకంటె విలువైనది కాంతి వచ్చే దిక్కు. అప్పటి సూర్యోదయం తూర్పు నుంచి దక్షిణానికి 22 డిగ్రీల మేర ఒరిగి ఉంటుంది. 2017 నవంబరులో మెట్రో రైలు మొదలైన ఇక్కడి రహదారి కూడా ఇంచుమించు వాయవ్యం నుంచి ఆగ్నేయానికే సాగుతుంది కనుక, ఉదయం ఏడు, ఎనిమిది గంటల మధ్య అమీర్‌పేట వైపు కెమెరా తిప్పితే మెట్రో స్తంభాలూ బాటసారులూ ఎదురువెలుగులో, అనగా వస్తువు వెనుక నుంచి వచ్చే కాంతిలో, నల్లని ఆకృతులుగా నిలుస్తారు. కూకట్‌పల్లి వైపు తిరిగితే అదే కాంతి ముఖాలను వెచ్చని పసుపుతో నింపుతుంది. ఎదురువెలుగులో ముఖకవళికలు కూడా కావాలనుకుంటే ఎక్స్‌పోజర్‌ను, అంటే సెన్సర్‌పై పడనిచ్చే కాంతి మోతాదును, కొంత పెంచి, ఆకాశం తెల్లబోవడాన్ని సహించక తప్పదు. సాయంత్రం 5.40 ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది గనుక, హైటెక్ సిటీ ఉద్యోగులకు పనిదినాల్లో ఉదయపు వెలుగే గతి.